చెవుల్లేని గుడ్డెలుగు

మా ఇంట్లో ఈ కథ చెప్పే పద్ధతి ఒకటుంది. పెళ్లికైనా దినానికైనా పదిమంది కూడితే ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఎలుగును ఆడించే సాయిబు ఒకడు ఊళ్లోకి వచ్చాడు, వాడి ఎలుగు తాడు తెంపుకుని అడవిలో పడింది, చిన్నాయన మొహం చీల్చింది, పటేలు దాన్ని తుపాకీతో కాల్చాడు, అక్కడితో పీడ విరగడైంది. మూడు నిమిషాల్లో ముగుస్తుంది. విన్నవాళ్లు అయ్యో అంటారు, చెప్పినవాడు ఆకూవక్కా అందుకుంటాడు.

ఇందులో సాయిబు రావడం నిజం, చిన్నాయన మొహం చీలడం నిజం, పటేలు కాల్చడం నిజం. మిగతాదంతా అబద్ధం. నేను యాభై దాటినదాన్ని, కాలేజీలో జంతుశాస్త్రం చదివినదాన్ని, ఆ తర్వాత ఇరవై ఏళ్లు బడిపిల్లలకు అదే పాఠం చెప్పినదాన్ని. అయినా నేను నోరు తెరిస్తే "నీకన్నీ వాదాలే" అంటారు. వాదాలే. నిజం అటువైపు ఉంటే వాదించే ఖర్మ నాకెందుకు?

మొన్న పట్నం జూలో మా తమ్ముడి కొడుకు తన బిడ్డకు ఇదే కథ చెబుతుంటే పక్కనే ఉన్నాను. అక్కడ రెండు రకాల ఎలుగులు పక్కపక్క ఆవరణల్లో ఉన్నాయి. ఎడమవైపు హిమాలయాల నల్ల ఎలుగు, కుడివైపు మన గుడ్డెలుగు. వాడు ఎడమవైపు వేలు చూపి, "మన చిన్న తాత మొకం చీరింది గసొంటిదే బిడ్డా" అన్నాడు. వాణ్ని అని లాభం లేదు, వాడు పుట్టకముందే ఆ కథ గట్టిపడిపోయింది. నేను సరిదిద్దబోయేలోగా పనివాడు కుడివైపు ఆవరణలోని మొద్దు తొర్రలో ఏదో పోసి వెళ్లాడు. గుడ్డెలుగు వచ్చి, మూతి లోపల పెట్టి, పెదవులు గొట్టంలా ముడిచి గాలి పీల్చింది.

నా చేతిలోని పల్లీల పొట్లం జారి కింద పడింది. ఆ చప్పుడును ఆఖరిసారి నేను విన్నది అడవిలో కాదు. పోయినేడు చిన్నాయన మంచం పక్కన కూర్చున్నప్పుడు, ఆయన నోట్లోంచి విన్నాను.

నేను పెరిగిన ఊరు గోదావరికి ఉత్తరాన, కాగజ్‌నగర్‌కు వెదురు లారీలు పోయే బాట పక్కన ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి కాని ఊరు లేదు, ఇప్పచెట్లలో నాలుగోవంతు కూడా లేవు. అప్పట్లో శివరాత్రి చలి పోయాక ఆకులు రాలిన అడవిలోంచి ఒక వాసన ఊరిమీదికి వచ్చేది. ఇప్పపువ్వు వాసన తెలియనివాళ్లకు ఎలా చెప్పను? బెల్లంపాకం మాడుతున్నట్టు, అందులోనే చిట్టెలుక ఎక్కడో చచ్చినట్టు. మొదట ముక్కు మూసుకుంటాం, మూడోరోజుకు అది లేకపోతే అన్నం సయించదు. అవ్వ, అంటే మా అమ్మ, ఆ పువ్వును మట్టి పెంకలో దోరగా వేయించి, నువ్వులూ బెల్లమూ వేసి రోట్లో దంచి ముద్దలు చేసేది. మధ్యాహ్నం జొన్నగటుక జావలా కలుపుకుని తాగి, చేతికి అంటిన మామిడితొక్కు నాకుతూ ఆ ముద్దల కుండ చుట్టూ తిరగడమే నా పని. మా బాపు ఊరి బడిలో పంతులు. పిల్లలందరికీ క్రమశిక్షణ నేర్పి ఇంటికి వచ్చి, నేను ఎన్ని ముద్దలు దొంగిలించానో అవ్వతో కలిసి లెక్క తీసేవాడు.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. మనుషులకన్నా ముందు దానికోసం గుడ్డెలుగులు వస్తాయి. అందుకే ఊళ్లో ఆడవాళ్లు గుంపుగా, ముందొకరు డప్పో రేకుడబ్బానో కొడుతుంటే పోయేవాళ్లు. అడవిలో దాని పేరెత్తరు. బొచ్చుది అంటారు. మా బాపమ్మకు, అంటే బాపు తల్లికి, అది కూడా ఎక్కువే, "గామె" అనేది, ఎవరో పొరుగింటి మనిషిని అన్నట్టు. ఆమె కూడా మనలాగే పిల్లను వీపున వేసుకుని తిరుగుతుందనీ, వెనకనుంచి చూస్తే జుట్టు విరబోసుకున్న బాలెంత అనుకుంటామనీ, పలకరించొద్దనీ నాకు అన్నం తినిపిస్తూ చెప్పేది.

ఇంకో కట్టు ఉండేది. పెద్ద ఇప్పచెట్లు ఎవరి సొంతమూ కావు. ఆ యేడు ఎవరు ముందుగా పోయి, చెట్టుకింద ఆకు కాల్చి, బూడిదంతా పరుచుకునేలా ఊడుస్తారో, ఆ యేడాదికి ఆ చెట్టు వాళ్లది. బూడిద పరిచిన చెట్టుకింద ఇంకొకరు కాలు పెట్టరు. వాగు అవతల పెద్దిప్ప అని ఒక చెట్టుండేది. దాన్ని దక్కించుకోవాలంటే డప్పు కొట్టుకుంటూ గుంపుతో పోతే లాభం లేదు. చప్పుడు లేకుండా, ఒంటరిగా, అందరికన్నా ముందు పోవాలి.

మా చిన్నాయన బాపుకు తమ్ముడు. పాతికేళ్లవాడు, మీసం మీద మోజు ఎక్కువ, మనువు కుదిరింది, పెద్దిప్ప మీద కన్నుపడింది. ఆయనకు కావలసిందల్లా తాయెత్తు. ఎలుగు వెంట్రుక మెడలో ఉన్నవాణ్ని ఎలుగు ముట్టదని మా దిక్కు నమ్మకం. తన వాసనే అనుకుని తప్పుకుపోతుందట. ఇంట్లో పిల్లలందరి మెళ్లో ఉండేవి. చిన్నాయనది మొన్నటి వానాకాలంలో వాగులో ఈదుతుంటే తెగిపోయింది.

ఏటా పువ్వు రాలే ముందు ఎలుగు సాయిబు వచ్చేవాడు. తాయెత్తులు ఆయనే ఇచ్చేవాడు, చాటెడు జొన్నలకు ఒకటి. జడుసుకున్న పిల్లల్ని ఎలుగు మీద కూర్చోబెట్టి మూడు అడుగులు నడిపించేవాడు. మూడేళ్లప్పుడు నేనూ కూర్చున్నానట, జ్వరం దిగిందట. ఆ ముసలి ఎలుగు మన అడవి గుడ్డెలుగే. అది వానలకు చనిపోయింది. ఆ యేడు ఆయన వెంట వచ్చింది వేరే ఎలుగు.

ఊరంతా కానుగచెట్టు కింద మూగింది. మేం ఎలుగంటే తెలిసినవాళ్లం, అందుకే అది మాకు తప్పుగా తోచింది. మనుషుల్లో ఒకడు అన్నీ సరిగ్గా ఉండి కళ్లు మాత్రం వేరే రంగులో ఉంటే ఎలా ఉంటుంది? అలా అనిపించింది. దాని ఒంటి బొచ్చు దువ్వినట్టు పొట్టిగా, మెత్తగా, నిగనిగలాడుతోంది. మెడచుట్టూ మాత్రం దుప్పటి కప్పుకున్నట్టు దట్టం. రొమ్ముమీద నెలవంక. అన్నిటికన్నా ముందు కనబడేవి చెవులు. నెత్తికి రెండువైపులా రెండు జొన్నరొట్టెలు నిలబెట్టినట్టున్నాయి. మాట్లాడేవాడివైపు అవి తిరిగేవి. మన గుడ్డెలుగుకు చెవుల చుట్టూ బొచ్చు వేలాడి, నెత్తిబొచ్చులో కలిసిపోయి, మసకవెలుతురులో చెవులే లేనట్టుంటుంది. మూతి పొడుగు, పాలిపోయిన రంగు. బొచ్చు జానెడు, గరుకు, ఎప్పుడూ పుట్టమట్టి.

"ఇది పహాడ్ పిల్ల," అన్నాడు సాయిబు. "మంచుకొండలల్ల పుట్టింది. జర సిగ్గు దీనికి."

దానికాయన పెట్టిన పేరు బేటీ. నన్నూ బేటీ అనే పిలిచేవాడు. పిలిస్తే ఇద్దరం తిరిగేవాళ్లం, ఆయన నవ్వేవాడు.

ఆ వారం రోజులు నేను బడి ఎగ్గొట్టి కానుగచెట్టు కిందే ఉన్నాను. నాకు జంతుశాస్త్రం చెప్పిన మొదటి పంతులు ఆయనే. తర్వాత కాలేజీలో చెప్పినవాళ్లు ఆయన చెప్పినదానికి ఇంగ్లీషు పేర్లు పెట్టారు, అంతే. ముసలి ఎలుగు గోరు ఒకటి ఆయన మెళ్లో తాడుకు ఉండేది. నా మధ్యవేలంత పొడుగు, ఎండుకొబ్బరి రంగు. అది పుట్టలు తవ్వే గోరు అని చెప్పాడు. బేటీ పంజా నా ఒళ్లో పెట్టి చూపించాడు. నల్లగా, కురచగా, కొడవలి కొసలా వంగినవి, అవీ ఆయన కత్తిరించి ఉంచినవి. ఇవి చెట్లెక్కే గోర్లు అన్నాడు. నిజమే, తాడు వదులు చేస్తే కానుగచెట్టు చివరికొమ్మకు కళ్లు మూసి తెరిచేలోగా ఎక్కి, అంత నెమ్మదిగానూ దిగివచ్చింది. ముసలిది తేనె కోసం ఎక్కేదే కాని, దిగడానికి ఓపిక లేక జొన్నబస్తాలా దబ్బున పడేదట. ముసలిదానికి పై పలువరుసలో ముందు రెండు పళ్లు పుట్టుకతోనే లేవట. చీమల్ని పీల్చుకోవడానికి దేవుడు వదిలిన సందు అది. ఆ సందులోంచి పీలిస్తే ఆ చప్పుడు వాగు అవతలికి వినిపిస్తుందని చెబుతూ, సాయిబు పెదవులు ముడిచి చేసి చూపించాడు. చెట్టుమీది కాకులు లేచిపోయాయి. బేటీ ముడుచుకుని ఆయన కాళ్ల మధ్య దూరింది.

గుడ్డెలుగుకు చూపు తక్కువ, వినికిడి తక్కువ, ముక్కు మాత్రం మైలు దూరం పోతుంది. కళ్లముందు మనిషి పడేదాకా తెలియక, తెలిసేసరికి దగ్గరైపోయి, భయంతో లేచి నిలబడి మొహం మీద కొడుతుంది. కోపిష్టిదని అందరూ అంటారు కాని అది పిరికిదని ఆయన చెప్పాడు. ఈ మాట మా ఇంట్లో చాలామందికి వర్తిస్తుందని నాకు తర్వాత అర్థమైంది.

చిన్నాయన తాయెత్తు అడిగితే సాయిబు లేదన్నాడు. ముసలిదాని వెంట్రుకలు అయిపోయాయి. దీనివి ఇవ్వమంటే తల అడ్డంగా ఊపాడు.

"దీన్ని గీ అడివి ఎరుగదు భాయ్. గీ వాసన పట్టుకొని లోపలికి పోవద్దు."

జొన్నలు ఎక్కువ గుంజడానికే ఈ బేరమని చిన్నాయనకు అనిపించింది. ఆ సాయంత్రం నన్ను గోడవెనక్కు పిలిచి, నాలుగు వెంట్రుకలు పీక్కొస్తే తనతోపాటు ఒకరోజు పువ్వుకు తీసుకుపోతానన్నాడు. ఆడపిల్లని, అందులో పంతులుబిడ్డని, నన్నెవరూ తెల్లవారుజామున అడవికి రానిచ్చేవాళ్లు కాదు. నాకు అంతకన్నా కావలసింది లేదు. సాయిబు వద్దన్నమాట నేనూ విన్నాను. విని కూడా సరేనన్నాను. ఇది రాసుకోవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వడగాలికి ఊరు తలుపులు మూసుకున్న వేళ పోయాను. సాయిబు తలకింద జోలె పెట్టుకుని నిద్రపోతున్నాడు. బేటీ పక్కకు పడుకుంది. మెడదగ్గర దట్టంగా ఉన్నచోట వేళ్లు దూర్చి పిడికెడు పట్టి గుంజాను. నాలుగు కాదు, పిడికెడు వచ్చింది. కింద తెల్లటి చర్మం కనబడింది. అది అరవలేదు. కన్ను తెరిచి నావైపు చూసింది, చెవులు రెండూ నావైపు తిప్పింది. ఎంతసేపని చెప్పలేను. గాలి ఆగిపోయింది. అది ముందుకు వంగి, నా మెళ్లో పాత తాయెత్తు ఉందే, ముసలిదాని వెంట్రుక ఉన్నది, దాన్ని వాసన చూసింది. చూసి, గొంతులో ఏదో అని, మళ్లీ కళ్లు మూసుకుంది. నేను పరుగెత్తలేదు. పిడికిలి బిగించి ఇంటికి నడిచాను.

నా పాత లంగా అంచు చింపి, ఆ నీలం పేలికలో వెంట్రుకలు ముడేసి చిన్నాయనకు ఇచ్చాను. ఆయన నా నెత్తిన మొట్టి, "శెబాస్ బిడ్డ" అన్నాడు. ఆ చెంప, ఆ మీసం, ఆ నవ్వు పూర్తిగా చూసింది ఆ పూటే ఆఖరు.

తెల్లవారుతుండగా వాగు దిక్కునుంచి కేక వచ్చింది. పువ్వుకు పోతున్న ఆడవాళ్లే ముందు చేరి, మంచం తెప్పించి మోసుకొచ్చారు. మా గుమ్మం ముందు దించారు. నన్ను లోపలికి నెట్టారు కాని నేను చూశాను. ఎడమ కంటి కిందినుంచి గడ్డం దాకా మూడు చాళ్లు, నాగలి దున్నినట్టు. పై పెదవి రెండుగా వేలాడుతోంది. బతికే ఉన్నాడు. కుడిచేతి పిడికిలి బిగుసుకుపోయి ఉంది.

ఆ పిడికిలి విప్పింది వేట తాత. ఊళ్లో అడవి గురించి ఆయన మాటకు తిరుగులేదు. విప్పితే, రక్తంతో ముద్దకట్టిన వెంట్రుకలు. ఆయన వాటిని నీళ్లలో ఆడించి, వేళ్లమధ్య నలిపి, ఎండకు పెట్టి చూశాడు.

"గుడ్డెలుగు బొచ్చు జానెడుంటది, కొబ్బరిపీచు లెక్క. గిది బెత్తెడు లేదు, పట్టు లెక్కున్నది. గిది మన అడివిది కాదు."

ఆయనతో వాదించడానికి ఇప్పటికీ నాకు సందు దొరకదు. ఆయన చెప్పిన ప్రతిమాటా నిజం. ఆ వెంట్రుక బేటీదే. అది బేటీ ఒంటినుంచి చిన్నాయన పిడికిట్లోకి ఏ దారిన వచ్చిందో మాత్రం లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరికి స్పృహ లేదు, ఇంకొకరు తొమ్మిదేళ్ల పిల్ల, తలుపు వెనకాల గోడకు అంటుకుని నిలబడింది. నీలం పేలిక ఎక్కడో అడవిలో పడిపోయింది.

బాపు బండి కట్టించుకుని చిన్నాయనను పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. బాపు ఊళ్లో ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించడం నేను మానేశాను.

పొద్దు బారెడెక్కేసరికి పటేలు ఇంటిముందర ఊరంతా చేరింది. ఎలుగు తెల్లవారుజామున కానుగచెట్టు కింద లేదని ఇద్దరు చెప్పారు. సాయిబు కాదనలేదు, ఎండ ఎక్కకముందే వాగుకు నీళ్లు తాగించడానికి తోలుకుపోయానన్నాడు. వాగు అవతలే పెద్దిప్ప. జనం గుసగుసలాడారు. ఆయన బేటీ పంజా ఎత్తి కత్తిరించిన గోర్లు చూపించాడు. నోరు తెరిచి, ఎప్పుడో రాలగొట్టిన కోరపళ్ల సందులు చూపించాడు. మెళ్లోని ముసలిదాని గోరు తీసి పటేలు ముందు పెట్టి, గాయాల లోతు దీనితో కొలిచి చూడమని మొత్తుకున్నాడు. గోర్లు ఎంతుంటే ఏంది, బలం ముఖ్యం అన్నారెవరో. గాయాలు దవాఖానా దారిలో ఉన్నాయి, వెంట్రుకలు మాత్రం ఇక్కడ, అరటాకులో ఉన్నాయి.

అప్పుడాయన బేటీ మెడ పట్టుకుని, బొచ్చు లేని చోట వేలు పెట్టి చూపించాడు. ఎవరో పీకారన్నాడు. అడవిలో కొట్లాడితే ఊడిందన్నారు. ఆయన గుంపంతా వెతికి నన్ను చూశాడు. ఆయనకు తెలుసు. కోపం లేదు ఆ చూపులో, అదే నన్ను ఇప్పటికీ నిద్రలో లేపుతుంది.

"బేటీ," అన్నాడు.

ఇద్దరం తిరిగాం. అదీ, నేనూ.

"నిన్న పగటేళ నువ్వు దీనికాడికి వచ్చినవా లేదా, గదొక్కటి చెప్పు తల్లీ."

ఊరు ఊరంతా నావైపు చూసింది. అవ్వ చెయ్యి నా భుజం మీదుంది. నిజం చెబితే చిన్నాయనను చంపబోయింది నేనే అవుతానని ఆ క్షణంలో నాకు అర్థమైన లెక్క.

"నేను పోలే," అన్నాను.

పటేలు తుపాకీ తెప్పించాడు. సాయిబు తనే ముక్కుతాడు పట్టుకుని ఊరవతలి బండ దాకా నడిపించుకుపోయాడు. నన్ను ఇంట్లోకి ఈడ్చుకెళ్లారు, నేను చూడలేదు. విన్నాను. చప్పుడుకు ముందు ఆయన ఒక్కసారి పిలిచాడు. నేను ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని, ఆ పిలుపుకు తల తిప్పాను. తిప్పినదాన్ని నేనే. ఆ తర్వాత ఆ పేరుతో పిలిస్తే తిరిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

సాయిబు మళ్లీ మా ఊరు రాలేదు.

మర్నాడు ఊళ్లో ఆడవాళ్లు పువ్వుకు మామూలుగా కదిలారు. పీడ పోయింది కదా, డప్పు కూడా అక్కర్లేదన్నారు. అవ్వ కూడా పోవాల్సి వచ్చింది, పెద్దిప్ప ఇప్పుడు మాదే, చిన్నాయన ఊడ్చిన చెట్టు. నన్ను ఇంట్లో వదిలిపోవడానికి మనసు రాక వెంట తీసుకుపోయింది. నాకిచ్చిన మాట చిన్నాయన ఆ విధంగా నిలబెట్టుకున్నాడు.

చెట్టుకింద బూడిద తెల్లగా పరిచి ఉంది. దాని మీద పువ్వులు, పసుపు కలిసిన తెలుపు, ఒక్కొక్కటే టప్ టప్‌మని రాలుతున్నాయి. నడుమంతా నిన్నటి మనుషుల అడుగులే. అంచున, పుట్ట దిక్కున మాత్రం వేరే గుర్తులున్నాయి. పిల్లవాడి అరికాలులాంటి అడుగు, వేళ్లు ఒక్క వరుసలో, వేళ్లకు బాగా ముందర, మధ్యవేలంత దూరాన, గోర్లు దిగిన గుంటలు. ఎండుకొబ్బరి రంగు గోరు నా కళ్లముందు ఆడింది. ఆ అడుగుల పక్కన బూడిదలో సగం పూడి నా లంగా పేలిక ఉంది. ముడి విప్పుకుపోయింది.

వంగి అది తీస్తుండగా ఆ చప్పుడు వినబడింది. పుట్ట అవతలినుంచి. ఎవరో మహా పెద్ద మనిషి పగిలిన పెదవుల మధ్యనుంచి లోకంలోని గాలంతా లోపలికి లాక్కుంటున్నట్టు. ఆగింది. మళ్లీ లాగింది. ఆడవాళ్ల చేతుల్లో గంపలు ఆగిపోయాయి. మసకలో పుట్ట వెనకనుంచి జుట్టు విరబోసుకున్నది ఒకటి లేచి నిలబడింది. దానికి చెవులు లేవు. వీపుమీద ఇంకో చిన్న తల కదిలింది. అది నన్ను చూసిందో లేదో కాని ముక్కెత్తి గాలి పట్టింది. ఆ గాలి నా చేతిలోని పేలిక మీదినుంచే దానివైపు పోతోంది. ఆ పేలికలో మంచుకొండల బేటీ వాసన ఇంకా ఉంది.

ఎవరో రేకుడబ్బా కొట్టారు. అది నాలుగు కాళ్ల మీద పడి, పిల్లతో సహా అడవిలోకి పోయింది. ఎలుగులు తమకు తెలియని ఎలుగు వాసనకు ఎదురు తిరుగుతాయా అని తర్వాత నేను చదివిన చదువులో వెతికాను. తిరగవచ్చు, తిరగకపోవచ్చు. పిల్లతల్లి ఎదురుపడ్డ ఎవరినైనా కొడుతుంది, వాసనతో పనిలేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ పేలిక లేకపోతే ఆయన ఒంటరిగా పోయేవాడే కాదు.

ఇక ఊరు ఏమన్నదో చెప్పనా? సాయిబు ఎలుగు దయ్యమైంది అన్నది. చంపిన మర్నాడే లేచి తిరుగుతోంది, పిల్లను కూడా వీపున వేసుకుంది అన్నది. నిలువెత్తు గుడ్డెలుగును కళ్లారా చూసినవాళ్లు, వేట తాతతో సహా, దాన్ని దయ్యమనే ఒప్పుకున్నారు. గుడ్డెలుగు అని ఒప్పుకుంటే, బండ దగ్గర కాల్చినదాన్ని ఎందుకు కాల్చారని అడగాల్సి వస్తుంది. ఒక తప్పును ఒప్పుకోవడం కన్నా ఒక దయ్యాన్ని పెంచుకోవడం మా ఊరికి తేలికైంది. ఆ యేడు పెద్దిప్ప పువ్వు ఎవరూ ఏరలేదు. రాలి రాలి అక్కడే కుళ్లింది. వేసవంతా ఆ వాసన ఊరిమీద ఉంది.

ఇంటికి వచ్చాక అవ్వ నా పిడికిలి విప్పింది. నీలం పేలిక చూసింది. దండెం మీది నా పాత లంగా చూసింది, అంచు ఎక్కడ చిరిగిందో చూసింది. అవ్వకు చదువు లేదు కాని ఆమెకు ఏదీ రెండుసార్లు చెప్పక్కర్లేదు. పేలికను పొయ్యిలో వేసి, కాలేదాకా కట్టెతో నొక్కిపట్టింది. వెంట్రుక ఒకటి మిగిలినట్టుంది, కాలిన వాసన వచ్చింది.

"నీకూ నాకూ ఏం తెల్వది," అన్నది. అంతే. ఆమె బతికినన్నాళ్లూ ఆ మాట ఇంకోసారి అనలేదు. అనాల్సిన పని రాలేదు.

చిన్నాయన రెండు నెలలకు వచ్చాడు. కుట్లు వేసిన మొహం ఒకవైపు లాగేసింది. పై పెదవి సరిగ్గా అతకలేదు, ముందు పళ్లు రెండు పోయాయి. కుదిరిన మనువు తప్పిపోయింది. మళ్లీ కుదరలేదు. అరుగుమీద కూర్చుంటే పిల్లలు ఆ దారిన రావడం మానేశారు. పెదవుల సందులోంచి గాలి లాగుతూ అన్నం తినేవాడు, నిద్రపోయేవాడు. బాపమ్మ ఒక్కతే ఆ చప్పుడుకు ఉలిక్కిపడి గుమ్మం దాకా వచ్చి, ఆయనే అని చూసి, వెనక్కు పోయేది.

మాట వచ్చాక జనం అడిగారు, సాయిబుదేనా అని. ఆయన తల ఊపాడని అందరూ అంటారు. నేనక్కడే ఉన్నాను. తల ఊపాడు, నిజమే, కాని పైకీ కిందికీనా, అడ్డంగానా అన్నది ఆ మెడతో చెప్పడం కష్టం. వాళ్లకు కావలసినట్టు చూసుకున్నారు. పేలిక సంగతి ఆయన ఎత్తలేదు. వెంట్రుక ఎక్కడిదో తెలిసిన రెండో మనిషి ఆయన. ఒక్కమాటతో కథ మారిపోయేది. నలభై ఏళ్లు ఆ మాట అనలేదు.

నన్ను కాపాడడానికేనని కొన్నాళ్లు అనుకున్నాను. నా చదువుకు తన వాటా చెలక భూమి అమ్మి ఇచ్చినవాడు ఆయనే, కాబట్టి అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. తర్వాత తర్వాత, కాలేజీలో రెండు ఎలుగుల పుర్రెలు పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టిన రోజు, ఇంకో అనుమానం పుట్టింది. ఆ చీకట్లో, ఆ వాగుపక్కన, నీళ్లు తాగించడానికి సాయిబు తెచ్చిన బేటీ కూడా ఉంది. చిన్నాయన నిజంగానే ముందు దాన్నే చూసి ఉంటే? దాన్ని చూసి, తాయెత్తు ఉంది కదా అని, నవ్వుతూ నిలబడి ఉంటే? వెనకనుంచి వచ్చినదాన్ని చూడనేలేదా? ఆయన మౌనం నా కోసం కాదేమో. తనకే తెలియదేమో. ఇన్నేళ్ల నా వాదన, నా బూడిదలో అడుగులు, నా మధ్యవేలంత గోరు, అన్నీ ఆయన కళ్లతో పోలిస్తే ఏపాటి?

పోయినేడు మంచం పట్టినప్పుడు పోయి కూర్చున్నాను. అడగడానికే పోయాను. ఆయన నిద్రలో గాలి పీలుస్తున్నాడు. ఆగుతుంది. మళ్లీ లాగుతుంది. దీపం పెట్టే వేళ, గదిలో మసక. ఆ చప్పుడుకు నా చెయ్యి దానంతటదే మెడకు పోయింది, ఎప్పుడో తీసేసిన తాయెత్తుకోసం. ఆయన కళ్లు తెరిచి నన్ను చూసి, చీలిన పెదవులతో కష్టపడి "బేటీ" అన్నాడు. సాయిబు పెట్టిన పిలుపు అది, చిన్నాయన నన్నెప్పుడూ అలా పిలవలేదు. నేను అడగకుండా లేచి దీపం పెట్టాను. మూడోరోజు ఆయన పోయాడు.

జూలో మా తమ్ముడి కొడుకు పల్లీలు ఏరుతూ, ఏమైంది అత్తమ్మా అని అడిగాడు. నేను వాడికి రెండు ఎలుగుల తేడా అంతా చెప్పాను. బొచ్చు, గోరు, పళ్లు, మూతి, చెట్టెక్కే తీరు. వాడు సరే సరే అన్నాడు. వాడి బిడ్డ మాత్రం ఎడమవైపు ఆవరణ దగ్గరే నిలబడింది. ఆ నల్ల ఎలుగు గుండ్రటి చెవులు రెండూ నావైపు తిప్పి చూస్తోంది.

ఆ రోజు మంచం దగ్గరనుంచి అడగాల్సింది అడగకుండానే వచ్చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను, వినేవాళ్లు లేకపోయినా. చిన్నాయనా, ఆ పొద్దు నీ మొకం మీదికి వంగినదానికి చెవులున్నయా, లేవా?